ఫిన్లు లేని జనరేటరు

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. ప్రాజెక్టు రిపోర్టు గురించి అడగడానికో, మా ఆయన వేసే పెసరట్ల కోసమో నాకు ఇప్పటికీ తేలలేదు. వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆంటీ, మీరు మిలిటరీ హెలికాప్టర్లు తయారుచేశారట కదా?" చాలాకాలం నేను అవుననలేదు, కాదనలేదు, ఊరికే నవ్వాను. నవ్వితే వినయం అనుకుంటారని ఆశ. ఇప్పుడు రిటైరయ్యాను, ఆ నవ్వుతో పనిలేదు, కాబట్టి నిజం రాస్తున్నాను. నేను చేసింది హెలికాప్టరు కాదు. దాని గేర్‌బాక్సును పట్టుకుని తిరుగుతూ లోపలి దీపాలకూ, రేడియోలకూ, పరికరాలకూ కరెంటిచ్చే జనరేటరు. ఓ మోస్తరు గుమ్మడికాయంత ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో మంచి వయసంతా ఆ గుమ్మడికాయను సన్నబరచడంలో గడిచిపోయింది.

మా సంస్థ పేరు రాయను. రక్షణ రహస్యమని కాదు, ఇది చదివాక వాళ్ళే వద్దంటారు. పుదుచ్చేరి ఊరి చివర, సముద్రం వైపు, రేకుల షెడ్లతో ఉండే చిన్న ఫ్యాక్టరీ అనుకోండి. నేను యానాం నుంచి వచ్చి అక్కడ డిజైన్ సెక్షన్‌లో చేరాను. మనుషుల పేర్లూ రాయను. అక్కడ అందరినీ ఇనిషియల్స్‌తో పిలుచుకునేవాళ్ళం. ఆ అక్షరాలు రాసినా ఊళ్ళో సగంమంది ఎవరో చెప్పేస్తారు.

అప్పటిదాకా హెలికాప్టర్లలో వాడుతున్న జనరేటరు పాతకాలంది, బరువైంది. చీకట్లో చూసే కెమెరాలు, మంచు కరిగించే హీటర్లు వంటి కొత్త పరికరాలు చేరేకొద్దీ దాని కరెంటు చాలడం మానేసింది. ఎక్కువ కరెంటివ్వాలి, తక్కువ బరువుండాలి అని మాకు చెప్పారు. కొండల మీద పలచటి గాలిలో ఎగిరేదానికి ప్రతి కిలో లెక్కే. జనరేటరు బరువు తగ్గిన మేరకు మందులైనా, దుప్పట్లైనా ఎక్కించవచ్చు. ఇందులోని చిక్కు హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. బరువు తగ్గాలంటే ఇనుమూ రాగీ తగ్గించాలి. మిగిలిన కాస్త రాగిలోంచే ఎక్కువ కరెంటు లాగితే అది వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే తీగ మీది పూత మాడి జనరేటరు చచ్చి ఊరుకుంటుంది. అది నేలమీద చస్తే మాకు చీవాట్లు. ఆకాశంలో చస్తే ఏమవుతుందో ఆలోచించడం నా ఉద్యోగంలో భాగమే కానీ, నేను ఎక్కువగా బరువు గురించే ఆలోచించేదాన్ని.

అదొక పిచ్చిలా పట్టుకుంది. ఇరుసును బోలుగా చేశాను. బోల్టులు పొట్టి చేశాను. మూతలు పలచబరిచాను. ఇంట్లో పప్పు గరిటె చేతిలోకి తీసుకున్నా, దీని కాడకు నాలుగు చిల్లులు పెడితే ఎంత తగ్గుతుందా అనిపించేది. మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో తగ్గించాల్సిన బరువు గరిటెలో లేదు" అన్నాడు. నిజమే. జనరేటరు తగ్గుతున్నకొద్దీ నేను పెరిగాను. మొత్తం మీద దేశానికి లాభం లేకుండా లెక్క సరిపోయింది.

నేను గీసినదాన్ని తిప్పి చూసి, పనికొస్తుందో లేదో చెప్పే టెస్టింగ్ మేనేజరు ఇంకొకాయన. వాళ్ళ తాతల కాలంలోనే పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగువాళ్ళు. నాకంటే వయసులో చాలా పెద్ద. నేను వెళ్ళిన మొదటిరోజు యానాం అలవాటుగా, "నమస్కారమండీ, షెడ్డు ఎటండీ?" అని అడిగితే, తలెత్తి నన్ను తేరిపార చూశాడు.

"ఏంది మా, సినిమాలో మాట్లాడే మాదిరి మాట్లాడతా ఉండావు? ఈ అండి గిండి నాకు ఒద్దు. అన్నా అను, చాలు."

అప్పటినుంచి ఆయన నాకు అన్నే. పెద్ద గొంతు, ముక్కు మీద కోపం. ఎవరైనా కొలత చూసి సుమారుగా ఇంత అన్నారంటే, "సుమారు యాడ నుంచి వచ్చె?" అని షెడ్డు అదిరేలా అరిచేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఆయనకు మన లిపి చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. ఎవరైనా చదివి వినిపించారంటే మాత్రం రేపు పొద్దున్నే ఫోనొస్తుంది.

ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. చేరిన నాటి నుంచి ఎన్నో మోటార్లూ జనరేటర్లూ పరీక్షించాడు. ఒక్కటీ ఎగరలేదు. ఒకదానికి ఆర్డరు రద్దయింది, ఇంకోదానికి హెలికాప్టరే రద్దయింది. అన్నీ మా స్టోర్‌రూము అరల్లో గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. రిటైర్మెంటు దగ్గరపడింది. "ఒక్కటి, ఒకే ఒక్కటి పైకి పోతే చాలు మా. నేను కింద నిలబడుకోని చూడల్ల" అనేవాడు. ఈ పరీక్ష గట్టెక్కితే ఆయన సర్వీసులో ఉండగానే జనరేటరును హెలికాప్టరుకు బిగిస్తారు, బిగించే జట్టులో ఆయనా వెళతాడు. తప్పితే మళ్ళీ వంతు వచ్చేసరికి ఆయన ఇంట్లో ఉంటాడు. ఈ సంగతి ఫ్యాక్టరీలో గేటు దగ్గర సెక్యూరిటీతో సహా అందరికీ తెలుసు.

మా పరీక్షల్లో అసలైనది హీట్ రన్. జనరేటరును పూర్తి లోడు మీద చాలాసేపు ఆగకుండా తిప్పి, వేడి ఎక్కడికి చేరి నిలబడుతుందో చూడటం. పగటిపూట షెడ్డులో పొయ్యిలో కూర్చున్నట్టుండేది. అందుకని అన్న ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున బిగింపులూ సర్దుబాట్లూ, మధ్యాహ్నం భోజనాలయ్యాక సముద్రపు గాలి తిరిగినప్పుడు తూర్పు షట్టరు పైకెత్తి, హీట్ రన్. "కాత్తు వచ్చేసింది, మిషను ఎక్కించండ్రా" అని, గాలిని అరవంలో పిలుస్తూ కేకేసేవాడు. పుదుచ్చేరిలో ఎవరైనా అంతే చేస్తారు. గాలి తిరగకముందు ఒళ్ళు వంచి పనిచేసేవాణ్ణి ఇక్కడ పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. గది ఉష్ణోగ్రత కూడా నియమం ప్రకారం, స్తంభం వెనకాల గోడకు తగిలించిన థర్మామీటరులో చూసి రాసేవాళ్ళం. మాకు ఏ లోపమూ కనిపించలేదు.

ఫలితాలు చూసి నేనే నమ్మలేకపోయాను. నా లెక్కల్లో రావలసిన దానికంటే వేడి బాగా తక్కువగా వచ్చింది. బుద్ధిమంతులైతే లెక్కకూ కొలతకూ తేడా ఎందుకొచ్చిందా అని కంగారుపడతారు. నేను మాత్రం నా డిజైను లెక్కలకు కూడా అందనంత గొప్పదనుకున్నాను. జనరేటరు ఒంటి చుట్టూ, మోటారుసైకిలు ఇంజను మీద ఉన్నట్టు, వేడిని బయటికి పంపే పలకలుంటాయి. వాటినే ఫిన్లు అంటారు. ఇంత చల్లగా ఉన్నదానికి ఫిన్లెందుకని అన్ననడిగాను.

"తీసేయి మా. ఉండి అవి ఏం పీకతాయి?" అన్నాడాయన హుషారుగా.

తీసేశాం. నున్నగా, గుండు కొట్టించుకున్నట్టు తయారైంది. మళ్ళీ మధ్యాహ్నం తిప్పాం. అయినా హద్దు లోపలే ఉంది. మాకిచ్చిన బరువు కంటే కూడా తగ్గింది. నేను షెడ్డంతా మైసూరుపాకు పంచాను. బెంగళూరులో జరిగిన సమీక్షకు పట్టుచీర కట్టుకుని వెళ్ళి, తక్కువ రాగితో తక్కువ వేడి ఎలా సాధించవచ్చో పెద్దపెద్ద సంస్థలవాళ్ళకు పాఠం చెప్పి వచ్చాను. ఒక పెద్దమనిషి ఆ రహస్యమేమిటని అడిగితే, "డిజైనుని మొత్తంగా చూడాలి" అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. ఆయన మాత్రం తలూపుతూ రాసుకున్నాడు.

చివరి పరీక్షకు మిలిటరీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఎన్నో ఏళ్ళు కొండల మీద హెలికాప్టరు నడిపినవాడు, సన్నగా, తక్కువ మాటలతో ఉండేవాడు. సాయంత్రం రైలుకు వెళ్ళాలి కాబట్టి పొద్దున్నే మొదలుపెడదామన్నాడు. బయటివాళ్ళ కంట పడకుండా షట్టర్లన్నీ దించమన్నాడు. హెలికాప్టరులో జనరేటరుండేది మూసిన అరలో కాబట్టి పరీక్ష కూడా గాలి కదలని చోట జరగాలని నిబంధన ఉందట. ఆ నిబంధన నేనూ చదివాను. మాకు ఫ్యాను లేదు, కాబట్టి గాలి కదలడం లేదని అన్వయించుకున్నాను.

అన్న ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆయన భార్య, మా వదిన, కట్టిన మల్లెమాల తెచ్చి కంట్రోల్ ప్యానెలుకు వేశాడు. షట్టర్లు దించి మిషను ఎక్కించాం. మొదట్లో అంతా బాగానే ఉంది. తరవాత వేడి పెరగడం మొదలుపెట్టి, రోజూ ఆగేచోట ఆగకుండా ముందుకు పోయింది. నేను ఆఫీసరు వైపు తిరిగి చిరునవ్వు నవ్వుతున్నాను. పెళ్ళివారి ముందు కూర పాడైందని తెలిసినప్పుడు ఆడపెళ్ళివారు నవ్వే నవ్వు అది. అన్న మొహంలో నవ్వు లేదు. అంకెనే చూస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

పరీక్ష పూర్తికావడానికి ఇంకాస్త సమయమే ఉండగా అంకె హద్దు దగ్గరికొచ్చింది. ఆఫీసరు అవతల మీటర్ల దగ్గర వంగి ఏదో రాసుకుంటున్నాడు. హద్దు దాటితే ఆపాల్సింది టెస్టింగ్ మేనేజరు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నా, ఒకసారి దగ్గినా, పరీక్ష అయిపోతుంది. అలా జరగాలని నా మనసు కోరుకుంది. నా పట్టుచీర కోసం కోరుకుందో, ఆయన ముచ్చట కోసం కోరుకుందో విడదీసి చెప్పలేను.

అంకె హద్దు దాటిన క్షణమే ఆయన ఎర్ర బటన్ నొక్కాడు.

మిషను ఊళ పెడుతూ నెమ్మదించి ఆగింది. ఆఫీసరు తలతిప్పి, ఎందుకాపారని అడిగాడు.

"లిమిట్ దాటింది సార్. ఫెయిల్" అన్నాడు అన్న. అంత పెద్ద గొంతు మనిషి ఆ రెండు మాటలూ నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా అన్నాడు. ఆ బటన్ నొక్కితే తను ఇంటికెళ్ళేలోగా ఇక ఏదీ ఎగరదని ఆయనకు తెలుసు.

భోజనాల దగ్గర నేను ఆగలేక మాట్లాడాను. సెన్సరు తప్పు చూపిందన్నాను. తీగ మీది వార్నిషు కల్తీ అయిందన్నాను. ఆఖరికి ఊళ్ళో వోల్టేజీ సరిగా లేదని కూడా అన్నాను. ఆఫీసరు పెరుగన్నం తింటూ అన్నీ విన్నాడు. తిన్నాక, సెన్సరు మార్చి ఇంకోసారి తిప్పి చూపిస్తానని బతిమాలాను. రైలుకు టైముంది కాబట్టి ఒప్పుకున్నాడు, అయితే ఇది లెక్కలోకి రాదని ముందే చెప్పాడు. లోపల ఉక్కకు నిలబడలేకపోతున్నాం, లెక్కలోకి రాని పరీక్షే కదా అని తూర్పు షట్టరు ఎత్తేశారు.

ఈసారి అంకె బుద్ధిగా రోజూ ఆగేచోటే ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్, సెన్సరే. నేను ముందే చెప్పాను" అని మళ్ళీ ఉపన్యాసం అందుకున్నాను. ఆఫీసరు వినడం లేదు. బల్లమీద ఎగిరిపోతున్న తన కాగితాలను ఒక చేత్తో అదిమిపెట్టాడు. రెండో చేత్తో టోపీ పట్టుకున్నాడు. షట్టరు వైపు చూశాడు, బయట వంగి ఊగుతున్న కొబ్బరిచెట్లను చూశాడు, నున్నటి నా జనరేటరును చూశాడు. తరవాత చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు.

"మేడమ్, ఈ సముద్రాన్ని హెలికాప్టరులో ఎక్కడ బిగిద్దామంటారు?"

మొదట అన్న నవ్వాడు. ఆ వెంటనే షెడ్డంతా నవ్వింది. నేను నవ్వడానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే బెంగళూరులో రాసుకున్న పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ నా జనరేటరును చల్లబరిచింది నా డిజైను కాదు. బంగాళాఖాతం. స్తంభం చాటున ఉన్న థర్మామీటరుకు ఆ గాలి తగల్లేదు, మిషనుకు తగిలింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి అన్న ప్లైవుడ్ ముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. జనరేటరు చుట్టూ పెట్టె కడుతున్నాడు.

"అన్నా, నన్ను తిట్టండి" అన్నాను.

"నిన్ను తిడితే షట్టరు ఎత్తినోణ్ణి ఎవరు తిట్టేది? సెరి, సుత్తి ఇట్ల ఇయ్యి."

రిటైరయ్యేదాకా ఆయన ఆ పెట్టె పక్కనే ఉన్నాడు. షట్టర్లు మూసి, గాలి తిరగకముందే, తువ్వాలు తలకు చుట్టుకుని తిప్పేవాడు. నేను ఫిన్లు మళ్ళీ పెట్టాను. అన్నిచోట్లా కాదు, వేడి ఎక్కువ పుట్టేచోట. తీసేసిన రాగిలో కొంత సిగ్గుపడుతూ వెనక్కి తెచ్చుకున్నాను. చివరికి పాతదానికంటే తేలికైనదే వచ్చింది, కరెంటూ ఎక్కువే ఇచ్చింది. కానీ నేను బెంగళూరులో కోసిన కోతలకు చాలా దూరంలో ఆగిపోయింది. మీరు అనుకున్నదానికంటే కొలత బాగా వచ్చినప్పుడు మైసూరుపాకు కొనకండి పిల్లలూ. ముందు కిటికీలు ఎటున్నాయో చూసుకోండి. నా అనుభవసారం ఇంతే, ఇంకేదో ఉందని నా రిటైర్మెంటు సభలో చెప్పారు గానీ అది మర్యాదకు.

అన్న వీడ్కోలు సభ మా జనరేటరు ఇంకా ప్లైవుడ్ పెట్టెలో ఉండగానే జరిగింది. శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చారు. మాట్లాడమంటే మైకు వద్దని లేచి నిలబడ్డాడు, ఆ గొంతుకు అది అవసరమూ లేదు. "నా సర్వీసులో ఒక్కటీ ఎగరలేదు. ఒకటి ఎగరబోతా ఉంటే దాన్ని నేనే ఆపినా. ఇట్లాంటి మనిషికి గడియారం ఇచ్చినారు, నాకు సంతోషమే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

తరవాత చాలాకాలానికి, నేను కూడా రిటైర్మెంటుకు దగ్గరపడ్డాక, ఆ జనరేటరు అన్ని పరీక్షలూ దాటి హెలికాప్టరులోకి ఎక్కింది. బిగించే జట్టుతో మా సెక్షన్‌లోని ఇంజనీరమ్మాయి వెళ్ళింది. ఒక ఉదయం ఆమె నుంచి ఫోను.

"మేడమ్, మనది ఎగిరింది."

చెప్పులు సరిగా వేసుకున్నానో లేదో తెలియదు, ఆటో ఎక్కి నటేశన్ నగర్‌లో అన్న ఇంటికి వెళ్ళాను. ఆయన గేటు దగ్గర, కురుచికుప్పం నుంచి వచ్చే చేపలామె బుట్ట ముందు కూర్చుని, చేపల మొప్పలెత్తి చూస్తున్నాడు. అప్పటికే వాదన ముదిరినట్టుంది.

"అన్నా, ఎగిరిందన్నా" అన్నాను.

చేప చేతిలోనే ఉండిపోయింది.

"లోపల ఎవురుండారు?"

"పైలట్లు ఇద్దరు. వెనకాల ఆ ఆఫీసరు. తనే ఎక్కుతానని పట్టుబట్టాడని నిన్ననే చెప్పారు."

"దిగినారా?"

అది నేను అడగనే లేదు. ఎగిరిందన్న మాట వినగానే ఫోను పెట్టేసి పరిగెత్తుకొచ్చాను. ఇంత జరిగాక కూడా, సగం పరీక్షకే పండగ చేసుకుంటూ వచ్చేశాను. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది. తిట్టలేదు. చేపను బుట్టలో పెట్టి చేతులు కడుక్కొచ్చి, వరండాలో కుర్చీ నాకు జరిపి, ఎదురుగా కూర్చున్నాడు.

నేను ఆ అమ్మాయికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. వదిన కాఫీ తెచ్చి పెట్టింది, ఎవరం తాగలేదు. సంగతేమిటో తెలియని చేపలామె కూడా ఎందుకో బుట్ట ఎత్తుకోకుండా గేటు దగ్గరే నిలబడిపోయింది. నా లెక్కలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాను. రాగి, వార్నిషు, బోలు ఇరుసు, పొట్టి బోల్టులు. నేను గీసిన ఒక్కో గీత మీద ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు. అన్నాళ్ళ ఉద్యోగంలో ఆ సంగతి నాకు అంత భయంగా ఎప్పుడూ తట్టలేదు. అన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు.

ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కేశాను.

"దిగారు మేడమ్. ముగ్గురూ బాగున్నారు. మీ ఫోను చూశాను, రన్‌వే దగ్గర ఎత్తనివ్వలేదు."

వదిన దేవుడికి దండం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు.

"అమ్మా, నేను పాత టెస్టింగ్ మేనేజర్ని. అది చల్లారినాక దాని మీద ఒకతూరి చెయ్యి పెట్టు తల్లీ. నా చెయ్యి అనుకోని పెట్టు."

"అలాగే సార్" అంది ఆ అమ్మాయి.